ఐదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, అత్తయ్య ముగ్గురూ కలిసి ఆడేలా ఏ ఆట కొనాలి?

నాగావళి గట్టు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. దసరా సెలవులు వస్తున్నాయి, బాబు మూడో తరగతి, పాప యూకేజీ. నేనూ ఆయనా ఉద్యోగాలకి పోతే సాయంత్రం ఆరున్నర దాకా పిల్లలు మా అత్తయ్య దగ్గరే. ఇప్పటిదాకా జరిగేదేంటంటే ఆవిడ ఫోన్లో ఇద్దరూ లూడో ఆడతారు, బ్యాటరీ అయిపోయేదాకా, తర్వాత ఛార్జర్ దగ్గర కొట్టుకుంటారు, నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఇద్దరి ఫిర్యాదులూ వినాలి.

వేసవిలో బిజినెస్ ఆట కొన్నాం. పెద్ద తప్పు. పాపకి నోట్లు లెక్కపెట్టడం రాదు, బాబు బ్యాంకు నాదే అంటాడు, గంటన్నరైనా తెమలదు. చివరికి పాప ఆ చిన్న చిన్న ఇళ్లన్నీ ఒక ప్లేట్లో వేసుకుని బొమ్మలకి వడ్డించేసింది.

ఇప్పుడు ఐదొందల్లోపు ఏదైనా పాతకాలపు సులువైన ఆట కావాలి. చదవడం రాకపోయినా ఆడగలగాలి, అరగంటలో అయిపోవాలి, అత్తయ్యకి చిన్న అక్షరాలు కనిపించవు. ఇంకోటి, ఓడిపోతే పాప ఏడుస్తుంది, కావాలని దాన్ని గెలిపిస్తే బాబు కనిపెట్టేసి వాడు ఏడుస్తాడు. ఏం చేయమంటారు?

రాజాం అప్ప | ఆదివారం రాత్రి 9:30

ఇందులో ఆలోచించేదేటి ఉంది చెల్లీ, వైకుంఠపాళి కొను. పామూ నిచ్చెనా చూస్తే ఐదేళ్ల గుంటకి ఎవరూ చెప్పక్కర్లేదు, నిచ్చెనంటే పైకి, పామంటే కిందకి. శివరాత్రి జాగారానికి మా నాన్నమ్మ వాళ్లింట్లో తెల్లార్లూ ఇదే. పాత పటంలో గడులు వందకు మించి ఉండేవి, గడిగడికీ ఒక లోకం పేరో ఒక పాపం పేరో రాసుండేది, పైన వైకుంఠం గుమ్మం దగ్గరే పెద్దపాము నోరు తెరుచుకుని కూర్చునేది. మా తాత నాలుగుసార్లు దాని నోట్లో పడి నాలుగోసారి పటం మడిచేసి పడుకున్నాడు. ఇప్పుడు పెట్టెలో వచ్చేది సరిగ్గా వంద గడులదే, వెనక వైపు లూడో కూడా ఉంటుంది, వందలోపే దొరుకుతుంది.

వైజాగ్ షటిల్ | ఆదివారం రాత్రి 10:05

అందరూ తిట్టినా సరే చెప్తాను. వైకుంఠపాళి ఆటే కాదు. ఆడేవాడి చేతిలో నిర్ణయం అనేది ఒక్కటీ లేదు, డైస్ ఎంత చెప్తే అంత కదలాలి, అంతే. మీరు వంటింట్లోకి వెళ్లిపోయి మీ బదులు పక్కింటాయన డైస్ వేసినా ఫలితం అదే. ఎనిమిదేళ్ల వాడికి మూడో రోజుకే మొహం మొత్తుతుంది. ఆలోచన ఉన్నది కొనండి. నాలుగు బిళ్లలు వరసగా పేర్చే నిలువు చట్రం ఉంటుంది చూడండి, కనెక్ట్ ఫోర్ అంటారు, ఏడు నిలువు వరసలు, ఆరు అడ్డ వరసలు, పై నుంచి బిళ్ల వేస్తే కిందకి జారుతుంది. 1974లో వచ్చింది. చదవక్కర్లేదు, లెక్క అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో ఒక ఆట. మా విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపులో దాని నకలు రెండొందల యాభైకి కొన్నాను.

రాజాం అప్ప | ఆదివారం రాత్రి 10:11

నిర్ణయం లేకపోవడమే కదా నాన్నా దాని గొప్ప. ఐదేళ్ల గుంటా, నువ్వూ, నీ ఇంజనీరింగ్ డిగ్రీ, అందరూ ఒకటే అక్కడ. ఆ నాలుగు బిళ్లల ఆటలో అన్న చెల్లిని రోజుకి ఇరవైసార్లు ఓడిస్తాడు, ఐదు నిమిషాలకొక ఏడుపు. అది ఇద్దరి ఆటే కదా, మరి అత్తగారు ఎక్కడ కూర్చోవాలి?

వైజాగ్ షటిల్ | ఆదివారం రాత్రి 10:20

అత్తగారి విషయం ఒప్పుకుంటాను. ఇద్దరిదే.

బొబ్బిలి బావ | ఆదివారం రాత్రి 10:41

నాలుగు బిళ్లల ఆటలో నేను మా అమ్మాయి చేతిలో వరసగా పదకొండు ఆటలు ఓడిపోయాను, కావాలని కాదు. దానికి ఏడేళ్లు. ముందు మధ్య వరసలో వేసేస్తుంది, ఎవరు నేర్పారో తెలీదు.

వైజాగ్ షటిల్ | ఆదివారం రాత్రి 10:48

బావగారూ, మీ అమ్మాయి సరిగ్గానే ఆడుతోంది. ఆ ఆటని 1988లో కంప్యూటరుతో పూర్తిగా విప్పేశారు, మొదట ఆడేవాళ్లు మధ్య వరసలో వేసి తర్వాత ఒక్క తప్పూ చేయకపోతే గెలుపు వాళ్లదే. ఈసారి మీరు ముందు వేస్తానని అడగండి.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి | సోమవారం ఉదయం 6:35

అమ్మా, పాప ఓడిపోతే ఏడుస్తుంది అన్నారు. ఒక్కసారి గమనించి చెప్పండి, ఓడిపోయాక ఏడుస్తోందా, మధ్యలోనే ఏడుస్తోందా? లూడోలో ఆరు పడితే తప్ప కాయ బయటకి రాదు. పదిసార్లు వేసినా ఒక్క ఆరూ పడకపోయే అవకాశం సుమారు నూటికి పదహారు. అంటే ఆరుగురు పిల్లల్లో ఒకరు పది వంతులు తిరిగినా ఇంట్లోనే కూర్చుంటారన్నమాట. పక్కవాడి కాయలు పరిగెడుతుంటే తనవి నాలుగూ గూట్లో ఉంటాయి. పెద్దవాళ్లమైతే ఓర్చుకుంటాం, అదీ కొంతమందే. నేను ముప్పై ఏళ్లు బడిలో చూసింది ఏంటంటే చిన్న పిల్లలకి ఓటమి కంటే ఊరికే కూర్చోవడం కష్టం. తన వంతు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కదిలే ఆట అయితే ఏడుపు సగం తగ్గుతుంది. ఆ లెక్కన వైకుంఠపాళిని అంత తీసిపారేయక్కర్లేదు, అందులో ప్రతి వంతుకీ కదలిక ఉంది.

నాగావళి గట్టు | సోమవారం ఉదయం 8:02

మాస్టారూ, మీరన్నది నిజమే! ఆట అయిపోయాక కాదు, మధ్యలోనే. "నాకు ఆరు ఇవ్వట్లేదు" అని ఫోన్ మీద అలుగుతుంది. ఇప్పటిదాకా నేను దాన్ని ఓర్చుకోలేని పిల్ల అనుకుంటున్నాను. బస్సులో ఉన్నాను, సాయంత్రం మళ్లీ రాస్తాను.

గజపతినగరం టీచరమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:15

నేను అంగన్‌వాడీలో చేస్తాను, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతోనే రోజంతా. ఒక చిన్న విషయం చెప్తాను, ఏ ఆట కొన్నా పనికొస్తుంది. ఐదేళ్ల పిల్లలు గడులు లెక్కపెట్టేటప్పుడు తాము నిలబడ్డ గడినే ఒకటి అనేస్తారు. మూడు పడితే రెండే కదులుతారు. అప్పుడు అన్నయ్య "మోసం" అంటాడు, అక్కడ మొదలవుతుంది గొడవ. అది మోసం కాదు, ఇంకా రాలేదంతే. కాయ పైకి లేపి, పక్క గడిలో టక్ అని పెట్టి అప్పుడు ఒకటి అనమనండి. ఆ చప్పుడు ఉంటే నాలుగు రోజుల్లో పట్టేస్తారు.

వైకుంఠపాళిలో ఇంకో తిరకాసు ఉంది. అంకెలు ఒక వరస ఇటు, పై వరస అటు, నాగలి చాలు తిరిగినట్టు తిరుగుతాయి. పది దగ్గర పిల్లలు పైకెక్కడం మర్చిపోయి మళ్లీ ఎడమ పక్కకి పరిగెడతారు. నేను వరస చివర్లో రంగు పెన్సిలుతో బాణం గుర్తు గీసేశాను.

వైజాగ్ షటిల్ | సోమవారం మధ్యాహ్నం 1:40

టీచరమ్మగారికి సపోర్టుగా ఒకటి. 2008లో అమెరికాలో రమణి, సీగ్లర్ అనే ఇద్దరు పేద కుటుంబాల చిన్న పిల్లలతో ఒకటి నుంచి పది దాకా వరసగా అంకెలు రాసిన పటం ఒకటి ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట చొప్పున. అంకెలకి బదులు రంగులున్న పటంతో ఆడిన పిల్లల కంటే వీళ్లకి ఏ అంకె పెద్దది, ఎంత తేడా అనేది బాగా వచ్చింది. అక్కడ కాయ జరిపేటప్పుడు "ఒకటి, రెండు" అనకుండా గడిలో ఉన్న అంకెనే చదివిస్తారు. అంటే ఐదులో ఉండి రెండు పడితే "ఆరు, ఏడు" అనాలి. నిన్న ఆటే కాదన్నాను, చిన్నదానికైతే పనికొస్తుందని ఇప్పుడు అంటున్నాను. పెద్దాడికి మాత్రం బోరే, అందులో మార్పు లేదు.

రాజాం అప్ప | సోమవారం మధ్యాహ్నం 1:52

అమెరికా వాడు చెప్తే గానీ ఒప్పుకోలేదు చూడండి.

పులిమేక | సోమవారం మధ్యాహ్నం 3:20

పులిజూదం ఎవరూ ఎత్తలేదేం? మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. పెద్దాడికి ఇంతకంటే మంచి ఆట లేదు. మేకలు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పులుల్ని కదలకుండా కట్టేయాలి, పులి దూకి మేకని తినాలి. పిల్లాడికి ముందు పులినే ఇవ్వండి, మేకలతో గెలవాలంటే ఓపిక కావాలి, అది తర్వాత వస్తుంది. దాడి కూడా బాగుంటుంది, ఇరవై నాలుగు చోట్లు, చెరి తొమ్మిది కాయలు, మూడు వరసలో పడితే ఎదుటివాడి కాయ ఒకటి ఎత్తేయొచ్చు. రెండింటికీ రూపాయి ఖర్చు లేదు, సుద్దముక్క, చింతపిక్కలు, చిన్న రాళ్లు చాలు. కానీ రెండూ ఇద్దరి ఆటలే, ఐదేళ్ల పాపకి అందవు. అందుకే ఇవి రెండో ఏడాదికి దాచుకోండి.

ఉద్దానం | సోమవారం సాయంత్రం 5:48

మాది పలాస దగ్గర. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మా మీదుగానే పోయింది, అప్పుడు కూడా ఇలాగే దసరా ముందు రోజులు. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయాయి, మా వీధికి కరెంటు రావడానికి పదిహేను రోజులు దాటింది. ఫోన్లు రెండో రోజుకే చచ్చిపోయాయి. ఇంట్లో మా అక్క పిల్లలతో కలిపి ఐదుగురు పిల్లలు, బయట ఎక్కడ చూసినా పడిన చెట్లే, ఎక్కడికీ పంపలేం.

అప్పుడు మా అమ్మ అరుగు మీద బొగ్గుముక్కతో ఐదు గడులు ఇటు, ఐదు గడులు అటు గీసి అష్టాచెమ్మా మొదలెట్టింది. గవ్వలు లేవు. నాలుగు చింతపిక్కలు తీసి గచ్చు మీద ఒక పక్క తెల్లగా వచ్చేదాకా అరగదీసింది, అవే గవ్వలు. కాయలకి ఒకరికి పగిలిన గాజు ముక్కలు, ఒకరికి కొబ్బరి ఈనె ముక్కలు, ఒకరికి శనగలు (ఆ శనగలు మూడో రోజుకి తినేశారు, అది వేరే కథ). సాయంత్రం కొవ్వొత్తి ఒకటే, దాన్ని మధ్య గడికి కొంచెం పక్కన పెట్టేవాళ్లం, ఎవరి కాయ పండితే వాళ్లు కొవ్వొత్తి జరిపే హక్కు. మా చిన్న మేనకోడలికి అప్పుడు ఐదేళ్లే. దానికి నియమాలు సగమే తెలుసు, కానీ పిక్కలు వేసే పని మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు, అందరి పందెం అదే వేసేది.

ఇప్పటికీ ఆ అరుగు మీద మైనపు మరక ఉంది. నా ఓటు అష్టాచెమ్మాకే. నలుగురు ఆడొచ్చు, చదవక్కర్లేదు, ఏ కాయ కదపాలి అనే నిర్ణయం ఉంటుంది కాబట్టి వైజాగ్ తమ్ముడికీ అభ్యంతరం ఉండదు.

ఒక జాగ్రత్త. మా వైపు పిల్లలు జీడిపిక్కలతో ఆడతారు, పచ్చి జీడిపిక్క పెంకులో సొన ఉంటుంది, చర్మం కాలుతుంది. చిన్న పిల్లలకి కాయలుగా అవి వద్దు.

గజపతినగరం టీచరమ్మ | సోమవారం సాయంత్రం 6:05

ఆ జీడిసొన మాట వందసార్లు చెప్పండి. ఇంకా చెప్పాలంటే ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలు ఎవరైనా వచ్చిపోతుంటే గవ్వలూ పిక్కలూ చిన్న ప్లాస్టిక్ కాయలూ ఏవైనా ప్రమాదమే, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. లెక్కపెట్టి తీయాలి, లెక్కపెట్టి డబ్బాలో పెట్టాలి. పెట్టె ఆట కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

బొబ్బిలి బావ | సోమవారం రాత్రి 8:30

కాయలు రంగురంగులవి కావాలంటే ఏటికొప్పాక వైపు వెళ్లినప్పుడు చూడండి, అంకుడు కర్రతో చేసి లక్క పూస్తారు, చేతికి నున్నగా ఉంటాయి. 2017లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సొంత సరుకు అనే గుర్తింపు, కూడా వచ్చింది. మేము అక్కడ కొన్న చిన్న బుడ్డీలాంటివి పదహారు అష్టాచెమ్మాకి వాడుతున్నాం. అసలు అవి దేనికి చేశారో నాకు తెలీదు, కుంకుమ భరిణెలు అని మా ఆవిడ అంటుంది.

నాగావళి గట్టు | సోమవారం రాత్రి 9:25

అందరివీ చదివాను. ఉద్దానం గారూ, మీది రెండుసార్లు చదివాను.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. భోజనాల దగ్గర ఊరికే "అత్తయ్యా, మీకు అష్టాచెమ్మా వచ్చా" అని అడిగాను. ఆవిడ కూర వడ్డిస్తున్నదల్లా గరిటె ఆపేసి, "వచ్చా ఏటి, మా ఊళ్లో నన్ను ఎవరూ కూర్చోనిచ్చేవారు కాదు, కూర్చుంటే లేవనని" అంది. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాకీ ముక్క తెలీదు. నేనేమో ఆవిడకి ఏ ఆట అర్థమవుతుందా అని పెట్టెల మీద వయసులు చూస్తున్నాను, పిల్లలతో నాలుగు గంటలు కూర్చునేది ఆవిడే అయినప్పుడు ఆవిడకి వచ్చిన ఆట ఏంటని అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

కానీ నాకు ఈ ఆట పూర్తిగా రాదు. పిల్లల కోసం ఎలా తేలిక చేయాలో ఎవరైనా చెప్పండి.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి | మంగళవారం ఉదయం 6:20

చెప్తానమ్మా. ఐదైదులు ఇరవై ఐదు గడులు. నాలుగు వైపులా అంచు మధ్య గడిలో ఒక ఇంటూ, నట్టనడుమ గడిలో ఒక ఇంటూ. అంచు ఇంటూలు నలుగురి ఇళ్లు. ఇంటూలో ఉన్న కాయని ఎవరూ చంపకూడదు. బయటి వరస పదహారు గడులు కుడిచేతి వైపుగా చుట్టి, లోపలి ఎనిమిది గడుల్లో ఎదురు దిక్కుకి తిరిగి, నడిమి గడిలో పండాలి. దిక్కులు ఊరూరికీ కొంచెం మారతాయి, మీ అత్తగారు ఎటు అంటే అటే.

నాలుగు గవ్వలు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండింటికీ ఇంకో పందెం.

ఇప్పుడు అసలు విషయం. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే మొత్తం పదహారు రకాలు, అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. కొన్ని ఇళ్లల్లో చెమ్మో అష్టో పడితేనే కాయ దిగాలి అంటారు. ఆ అవకాశం ఎనిమిదిలో ఒకటి, లూడోలో ఆరు కంటే అన్యాయం. కాబట్టి మీ ఇంట్లో ఆ నియమం తీసేయండి, కాయలన్నీ మొదటి నుంచే పటం మీద ఉండాలి. ఒకరినైనా చంపితేనే లోపలి వరసలోకి వెళ్లాలి అనే నియమం కూడా పాపకి వద్దు, బాబుకి ఉంచండి, వాడికి అది కావాలి కూడా. నాలుగు కాయలకి బదులు రెండేసి పెడితే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఈ మార్పులన్నీ ఆట మొదలెట్టే ముందే అందరి ఎదుటా చెప్పండి, మధ్యలో మారిస్తే బాబు ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

నిజం గవ్వకి వీపూ పొట్టా ఒకలా ఉండవు కదా, అందుకని నా లెక్క అంత చక్కగా రాదు. బాబు చేత వందసార్లు వేయించి నోటుబుక్కులో గీతలు పెట్టించండి.

వైజాగ్ షటిల్ | మంగళవారం ఉదయం 9:10

మాస్టారి మార్పులన్నిటికీ ఓకే. ఒకటి కలుపుతాను. జట్లు కట్టండి, నానమ్మా పాపా ఒక జట్టు, బాబూ నాన్నా ఒకటి. పాప ఓడిపోయినా ఒక్కతే ఓడిపోదు. ఇంకా కొనాలనే ఉంటే జత బొమ్మల కార్డులు కొనండి, బోర్లా పరిచి రెండేసి తిప్పి జత కలిపే ఆట. అందులో మా ఇంట్లో ఐదేళ్ల పిల్లే అందరినీ ఓడిస్తుంది, ఎవరూ కావాలని ఓడిపోనక్కర్లేదు.

నాగావళి గట్టు | శనివారం రాత్రి 10:15

నాలుగు రోజుల రిపోర్టు.

మొదట ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక షాపులో వైకుంఠపాళీ లూడో కలిసిన పెట్టె కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే పదహారు కాయలకి పదిహేనే ఉన్నాయి, డైస్ మీద ఒక చుక్క అచ్చు పడలేదు, మూడో రెండో తెలీదు. వెనక్కి తీసుకెళ్తే పెట్టె విప్పేశారు కదా అన్నాడు. పోనీలే, చుక్క పెన్నుతో పెట్టాం, పదహారో కాయ చొక్కా గుండీ.

గవ్వలు మాత్రం అరసవల్లి వెళ్లినప్పుడు గుడి బయట కొన్నాను, నాలుగంటే నాలుగే. అత్తయ్య హాల్లో టైల్స్ మీద సుద్దముక్కతో గీసేసింది, నేను చార్ట్ పేపర్ తెస్తానంటే "కింద కూర్చుంటేనే ఆట" అంది. మోకాళ్ల నొప్పులని ఆరు నెలలుగా కుర్చీలో తప్ప కూర్చోని మనిషి ఒక కాలు చాపుకుని, దిండు ఆనుకుని కింద కూర్చుంది. లేచేటప్పుడు మేమిద్దరం లేపాలి, అది వేరు.

పాప రెండు చేతుల్లో గవ్వలు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ఏదో గొణిగి, గది అంతా చెల్లాచెదురుగా విసురుతుంది. మొదటి రోజే ఒకటి ఎటో పోయింది. బీరువా కింద చీపురుపుల్ల పెట్టి గెలికాం, పాత పెన్ను మూత, రెండు రూపాయల బిళ్ల, అత్తయ్య వెతుక్కుంటున్న చెవిదిద్దు శీల దొరికాయి, గవ్వ మాత్రం దొరకలేదు. మర్నాడు ఇంకోటి తెచ్చాను.

బాబు వందసార్లు వేసి రాశాడు మాస్టారూ. ఒకటి ఇరవై ఏడు, రెండు ముప్పై ఏడు, మూడు ఇరవై ఐదు, చెమ్మ ఎనిమిది, అష్ట మూడు. వాడికిప్పుడు తెలిసిపోయింది, అత్తయ్య కాయకి సరిగ్గా రెండు గడుల ముందు తన కాయ పెట్టడు. "నానమ్మకి రెండే ఎక్కువ పడుతుంది" అంటాడు. అత్తయ్య ఊరుకుందా, ఒక్క గడి ఎడంలో నిలబడి చంపేసింది. వాడు ఏడవలేదు, కోపంగా నీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

ఏడుపు అసలు లేదని చెప్పను. గురువారం పాప ఏడ్చింది, ఓడిపోయినందుకు కాదు, అత్తయ్య పందెం తనని వేయనివ్వలేదని.

రాజాం అప్ప | శనివారం రాత్రి 10:32

మా చెల్లి అత్తగారు గెలిచారు. అలగే ఉండాలి. వైకుంఠపాళి ఎవరైనా ఆడుతున్నారా మరి?

నాగావళి గట్టు | శనివారం రాత్రి 10:40

పాప ఒక్కతే ఆడుతోంది అప్పా, బొమ్మలన్నిటి తరఫునా తనే వేస్తుంది. పాము మింగితే బొమ్మని ఓదారుస్తుంది. టీచరమ్మగారు చెప్పిన బాణాలు గీశాను, బాగా పనికొచ్చాయి.

నాగావళి గట్టు | ఆదివారం ఉదయం 7:50

పోయిన గవ్వ ఫ్రిజ్ కింద దొరికింది. ఇప్పుడు మా దగ్గర ఐదున్నాయి. బాబు ఐదుతో ఆడదాం అంటున్నాడు, అత్తయ్య అది వేరే ఆట, అష్టాచెమ్మా కాదు అంటోంది, పొద్దున్నుంచి ఇదే వాదన, టిఫిన్ చల్లారిపోతోంది.

బొబ్బిలి బావ | ఆదివారం ఉదయం 8:04

ఐదోది మళ్లీ ఫ్రిజ్ కిందకి తోసేయండి.